రేటు మావయ్య

మీరు కొత్త పుస్తకం ఒకటి కొనుక్కుని నలుగురిలో కూర్చున్నారనుకోండి. ఒకరు ఎవరు రాశారని అడుగుతారు. ఒకరు ఎలా ఉందంటారు. ఇంకొకరు మీ చదవడం అయ్యాక నాకివ్వండి అంటారు. వీళ్లతో ఏ బాధా లేదు. బాధల్లా నాలుగో మనిషితోనే. ఆయన ఏమీ అడగడు. పుస్తకం మీ చేతిలోంచి తీసుకుని బోర్లా తిప్పి, వెనక అట్ట కింది మూల చూస్తాడు. చూసి, "ఎంతకిచ్చాడు?" అంటాడు. మీరు చెప్తారు. ఆయన కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకోవడం మొదలెడతాడు. అంతే, మీరు మోసపోయారని సభ మొత్తానికి తెలిసిపోతుంది.

మా వంశంలో ఆ నాలుగో మనిషి మా అమ్మ తమ్ముడు. విజయనగరంలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. పిల్లలందరం రేటు మావయ్య అంటాం. చాటున కాదు, ఎదురుగానే. ఆయన దాన్ని బిరుదు కింద జమ చేసుకున్నాడు.

ఆయన దగ్గరొక పొడుగాటి నోటుబుక్కు ఉంది. పేజీకి ఆరు గళ్లు. మన ఊరు, విశాఖ, విజయవాడ, ఆన్‌లైను, లండను, అమెరికా. ఎడమ పక్క పుస్తకం పేరు. మన ఊరు గడిలో షాపువాడు ఇచ్చే తగ్గింపు. విశాఖ గడిలో తగ్గింపుతో పాటు ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి బస్సు ఛార్జీ, రానూపోనూ. లండను గడి మాత్రం చాలా పెద్ద సంసారం: పౌను రేటు, పోస్టు ఖర్చు, సుంకం, పుస్తకం దారిలో పోతే పోయే డబ్బు. పొద్దున్నే పేపర్లో పౌను ఎంతుందో చూసుకున్నాకే పైడితల్లమ్మ పటానికి దణ్ణం పెడతాడు. పౌను పెరిగిన రోజు ఆ దణ్ణం కాస్త పొడిగా ఉంటుందని మా అత్త చెప్తుంది.

అత్త ఇంకో మాట కూడా చెప్తుంది. ఇవన్నీ వెతకడానికి రోజంతా ఫోను నొక్కుతాడు కదా, ఆ రీచార్జికి మాత్రం ఆ బుక్కులో గడి లేదట.

ఈ జబ్బు ఆయనకి ఎలా పట్టిందో నాకు తెలుసు. కాలేజీలో ఉన్నప్పుడు విశాలాంధ్ర వాళ్ల పుస్తకాల వ్యాను వచ్చేది. అందులో మాస్కో పుస్తకాలు. ప్రగతి ప్రచురణాలయం, మీర్, రాదుగ. గట్టి అట్ట, దళసరి కాగితం, రంగుల బొమ్మలు. ధర చూస్తే రూపాయల్లోనే. మెస్సులో ఒక పూట భోజనం మానేస్తే గోర్కీ వచ్చేసేవాడని మావయ్య ఇప్పటికీ చెప్తాడు. కొన్నిటిని తెలుగు చేసినవారు ఉప్పల లక్ష్మణరావుగారు, మన పక్కనున్న బరంపురం నుంచి మాస్కో వెళ్లినవారు. అంటే బరంపురం మనిషి మాస్కోలో కూర్చుని తెలుగులో రాస్తే, అది అక్కడే అచ్చై, ఓడెక్కి, సముద్రాలు దాటి, మన ఊరు వచ్చి, మద్రాసులో అచ్చైన పుస్తకం కన్నా తక్కువకి దొరికేది. అక్కడి ప్రభుత్వం సొంత డబ్బు పోసి చవగ్గా అమ్మించేదన్న సంగతి ఇరవయ్యేళ్ల కుర్రాడికి ఏం పడుతుంది? విదేశీ పుస్తకమంటే చవక అన్న ఒక్క ముక్క మాత్రం బుర్రలో దిగబడిపోయింది. దానికి తోడు బ్రిటిషు ప్రభుత్వం సాయంతో వచ్చే ఇ.ఎల్.బి.ఎస్. పాఠ్యపుస్తకాలు. రష్యావాడు చవగ్గానే ఇచ్చాడు, ఇంగ్లీషువాడూ చవగ్గానే ఇచ్చాడు, మనవాడికేటి రోగం అని ఆయన ప్రశ్న.

1991లో సోవియట్ యూనియన్ కూలిపోయినప్పుడు మావయ్య నిజంగానే మూడు రోజులు ముభావంగా ఉన్నాడు. వీధిలో పార్టీ మనుషులొచ్చి భుజం తట్టి ఓదార్చి వెళ్లారు. వాళ్లనుకున్నట్టు ఆయన ఏడ్చింది లెనిన్ కోసం కాదు, మీర్ పబ్లిషర్స్ కోసం.

తర్వాత పదిహేనేళ్లు మావయ్య జీవితంలో చీకటి యుగం. పుస్తకం మీద వేసిన ధరకే కొనుక్కుంటూ, కొన్న ప్రతిసారీ మనసు కష్టపెట్టుకుంటూ గడిపాడు. ఏటా జనవరిలో విజయవాడలో పుస్తకాల పండుగ జరుగుతుంది కదా, అక్కడ పదిశాతం తగ్గింపని రైలెక్కి వెళ్లేవాడు. రైలు టిక్కెట్టు, అక్కడి తిండి కలిపితే ఆ పదిశాతం ఎప్పుడో హారతి కర్పూరమైపోయేది. అదేమిటి మావయ్యా అంటే, "అది ప్రయాణం ఖాతా, ఇది పుస్తకాల ఖాతా. రెండూ కలిపీసి లెక్కేస్తావేటి?" అనేవాడు. నలభై మంది పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి మాటకి ఎదురేం చెప్తాం.

2007లో ఇంటర్నెట్టులో పుస్తకాలమ్మే ఫ్లిప్‌కార్ట్ మొదలైంది. దాని మొదటి పుస్తకం కొన్నది మహబూబ్‌నగర్‌లో ఉన్న ఒక తెలుగాయన. ఈ సంగతి పేపర్లో వచ్చినప్పటి నుంచి మావయ్యకి ఒకటే బెంగ. ఆ మొదటి గిరాకీ తను కావాల్సింది. ఉమ్మడి రాష్ట్రంలో ఆ మూల నుంచి కాకుండా ఈ మూల నుంచి వెళ్లాల్సిన ఆర్డరది. ఆ ఏడాది చివర్లో డాలరు నలభై రూపాయల లోపు ఉండేది. ఇప్పుడు దానికి రెట్టింపు దాటిపోయింది. ఆ రోజుల్లో కొనాల్సినవి కొనలేదని, కొననివాటి మీద వచ్చిన నష్టాన్ని కూడా మావయ్య నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాడు. కొనని పుస్తకంలో నష్టం ఎలా వస్తుందో నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే ప్రయత్నమూ మానుకున్నాను.

ఆయన స్వర్ణయుగం మాత్రం బుక్ డిపాజిటరీ. ఇంగ్లండు దుకాణం. ప్రపంచంలో చాలా దేశాలకి పోస్టు ఖర్చు లేకుండా పంపేవారు. లండను గడిలో పోస్టు ఖర్చు దగ్గర సున్నా వేయడంలో మావయ్య పొందిన ఆనందం నేను ఇంకెవరి ముఖంలోనూ చూడలేదు. ఎన్ని పుస్తకాలకి ఒకేసారి ఆర్డరిచ్చినా ఒక్కోటీ విడివిడిగా, వేరే వేరే రోజుల్లో వచ్చేవి. పోస్ట్‌మ్యాన్ గేటు దగ్గర సైకిలు బెల్లు కొట్టగానే మావయ్య లుంగీ బిగించుకుంటూ పరుగు. కవరు చించి, పుస్తకం పక్కన పెట్టి, ముందు లోపలున్న ఉచిత బుక్‌మార్కు చేతిలోకి తీసుకుని, "చూడరా, ఇది ఫ్రీ" అనేవాడు. ఆ బుక్‌మార్కులన్నీ దాచి రబ్బరు బ్యాండు వేసి పెట్టాడు. పుస్తకంలో పేజీ గుర్తుకి మాత్రం బస్సు టిక్కెట్టే వాడతాడు. బుక్‌మార్కు నలిగిపోతుందిట.

2023 ఏప్రిల్ 26న ఆ దుకాణం మూసేశారు. మావయ్య ఫోను చేసి, "పోనాదిరా" అన్నాడు. నేను కంగారుపడి, ఎవరు మావయ్యా, అమ్మమ్మా అన్నాను. అమ్మమ్మ పక్కనే ఉన్నట్టుంది, ఫోన్లో తిట్లు వినిపించాయి.

నన్నడిగితే ఈ విదేశీ ధరల సంగతి మావయ్యకి తెలిసినంతగా ఏ ప్రొఫెసరుకీ తెలీదు. ఒకసారి వరండాలో కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. "పుస్తకం రేటు కాయితాన్ని బట్టి ఉంటాదనుకున్నావేటి? కొనేవాడి జేబుని బట్టి ఉంటాది." అమెరికా కాలేజీలో వంద డాలర్లు దాటి పలికే పాఠ్యపుస్తకం ఇక్కడ కొన్ని వందల రూపాయలకి వస్తుంది. అదే రచయిత, అవే లెక్కలు, అవే జవాబులు. కాగితం పల్చన, బొమ్మలకి రంగుండదు, అట్ట మీద మాత్రం భారత ఉపఖండంలోనే అమ్మాలని ఒక హెచ్చరిక. కాబట్టి పాఠ్యపుస్తకాన్ని విదేశం నుంచి తెప్పించుకునేవాడు మూర్ఖుడు. పేరున్న నవలలూ ఇక్కడే చవక. బయటి యూనివర్సిటీ వాళ్లు లైబ్రరీల కోసం వేసే గట్టి అట్ట పుస్తకానికి మాత్రం భారత ముద్రణ ఉండదు, దాని రేటు వింటే ఎక్కడైనా కళ్లు తిరుగుతాయి. అక్కడే పాతపుస్తకాల వేట మొదలవుతుంది. ఇంతా చెప్పి, నేను కొన్న పుస్తకం వైపు జాలిగా చూశాడు. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర కొన్నాను దాన్ని. ఆన్‌లైను కన్నా ఎనభై ఏడు రూపాయలు ఎక్కువ పెట్టానని తేల్చాడు. తేల్చి, చదివి ఇస్తానని పట్టుకెళ్లాడు. రెండేళ్లు దాటింది. ఎనభై ఏడు రూపాయలకి రెండేళ్ల వడ్డీ ఎంతో ఆయన కట్టడు, ఆ గడి కూడా బుక్కులో లేదు.

2019 జులై బడ్జెట్లో బయట నుంచి వచ్చే పుస్తకాల మీద 5 శాతం కస్టమ్స్ సుంకం వేశారు. అంతకు ముందు సున్నా. దేశంలో ప్రచురణ, అచ్చు పెరగడానికని కారణం చెప్పారు. మావయ్య ఊగిపోయాడు. "లండన్లో వాడు రాసిన పుస్తకం నెల్లిమర్ల జూట్‌మిల్లులో ఎలా తయారవుద్దిరా? అదేటి గోనెసంచా?" అని వీధరుగు మీద ఉపన్యాసం. ఐదు శాతమే కదా అన్నవాడితో నెలరోజులు మాట్లాడలేదు. అన్నది నేనే.

ఇదే మనిషి ఇంటి పన్ను కట్టేటప్పుడు రసీదులో గ్రంథాలయ సెస్సు చూసి పొంగిపోతాడు. రూపాయి పన్నుకి 8 పైసలు. "పేపరు ఫ్రీగా చదువుతున్నాడంటారు నన్ను. ఫ్రీ కాదు, అడ్వాన్సు కట్టీసినాను" అని గ్రంథాలయంలో మొదటి కుర్చీ ఆక్రమిస్తాడు.

మావయ్య కొడుకు అమెరికాలో ఎమ్మెస్‌కి బయల్దేరినప్పటి సంగతి మా ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. రెండు పెట్టెలు, ఒక్కోటీ 23 కేజీలు. వంటింటి వైపు నుంచి అత్త ఆవకాయ, కందిపొడి, పలాస జీడిపప్పు పట్టుకొచ్చింది. వరండా వైపు నుంచి మావయ్య భారత ముద్రణ పాఠ్యపుస్తకాలు పట్టుకొచ్చాడు. మధ్యలో తూకం మిషను. మావయ్య వాదన ఏమిటంటే, ఒక కేజీ పుస్తకాలు అక్కడ కొంటే ఎన్ని డాలర్లో, ఒక కేజీ ఆవకాయ అక్కడ కొంటే ఎన్ని డాలర్లో చూసి, ఎక్కువ పొదుపు దేనిలో ఉందో అదే వెళ్లాలి. లెక్క ప్రకారం పుస్తకాలే గెలిచాయి. అత్త తూకం మిషను మీంచి పుస్తకాలు తీసి పక్కన పెట్టి, "వాడు పరీక్ష రోజు అన్నంలో ఏటి కలుపుకుంటాడు, కాల్‌క్యులసా?" అంది. చివరికి ఒక పెట్టె ఆవిడది, ఒకటి ఆయనది. కుర్రాడి బట్టలు చేతిసంచిలో వెళ్లాయి.

2013లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు మావయ్యకి కంఠతా వచ్చు. థాయ్‌లాండ్ నుంచి చదువుకోవడానికి వెళ్లిన సుపాప్ కిర్ట్‌సెంగ్ అనే కుర్రాడు, వాళ్ల దేశంలో చవగ్గా దొరికే పాఠ్యపుస్తకాలు చుట్టాల చేత కొనిపించి, అమెరికాకి తెప్పించుకుని, అక్కడ అమ్మాడు. జాన్ వైలీ అనే ప్రచురణకర్తలు కేసు వేశారు. కింది కోర్టులో జ్యూరీ ఆరు లక్షల డాలర్లు కట్టమంది. సుప్రీంకోర్టు మాత్రం, న్యాయంగా కొన్న పుస్తకం ఏ దేశంలో అచ్చైనా సరే కొన్నవాడు అమ్ముకోవచ్చని చెప్పింది. ఆరుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు. ఆ కుర్రాడు గణితంలో డాక్టరేటు చేసినవాడని తెలిశాక మావయ్యకి అతను సొంత మేనల్లుడైపోయాడు. "లెక్కలోడు కాబట్టి పట్టుకున్నాడురా కిటుకు" అంటాడు. స్కూల్లో ఏటా పిల్లలకి లాభనష్టాల పాఠం చెప్తూ ఈ కేసు చెప్పేవాడట. ఏడో తరగతి పిల్లలకి.

కొడుకు అక్కడ స్థిరపడ్డాక సరుకు రవాణా దిశ మారింది. అందరి పిల్లలూ అమెరికా నుంచి సెంట్లూ చాక్లెట్లూ తెస్తే, మావయ్య కొడుకు అక్కడి లైబ్రరీలు వద్దని తీసేసి డాలరుకీ రెండు డాలర్లకీ అమ్మే పుస్తకాలు తెస్తాడు. మావయ్య బీరువాలో ఇప్పుడు మనం పేరు వినని ఊళ్ల లైబ్రరీ ముద్రలున్నాయి. వాటిలో ఒకటి కోళ్ల పెంపకం మీద. ఎందుకు మావయ్యా అంటే, "అర డాలరు" అన్నాడు.

అయితే తెలుగు పుస్తకం దగ్గర ఈ లెక్కలన్నీ బోర్లా పడతాయి. లండను గడి, అమెరికా గడి ఖాళీ. ఇక్కడ రెండొందల పుస్తకం అమెరికా చేరేసరికి విమానం ఖర్చుతో మూడింతలౌతుంది కాబట్టి, కొడుకు కోసం ఇక్కడే కొనాలి. విజయనగరంలో మావయ్య వెళ్లే షాపులో గైడ్లూ, డీఎస్సీ పుస్తకాలూ, నోటుబుక్కులూ నిలువెత్తున ఉంటాయి, సాహిత్యం అడుగు వరసలో గోడ వైపు తిరిగి ఉంటుంది. షాపాయనకి మావయ్య ఫోను తీసి ఆన్‌లైను ధర చూపిస్తాడు. ఆయన కూడా తన ఫోను తీసి చూపిస్తాడు, ఆ ధరకి పోస్టు ఖర్చు కలిపి. ఇద్దరూ గొప్ప మర్యాదగా ఒకరి ఫోను ఒకరు చూసుకుంటారు. టీ తెప్పిస్తారు. టీ డబ్బులు షాపాయనవే. మావయ్యకి ఇచ్చే పదిశాతం తగ్గింపు కన్నా ఆ టీలకే ఎక్కువైందని ఆయన నాతో ఒకసారి వాపోయాడు. "మీ మావయ్యగారు రాకపోతే కూడా తోచదండి" అని వెంటనే అన్నాడు.

2024 డిసెంబరులో తపాలా శాఖ రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ ఎత్తేసినప్పుడు ఆ ఇద్దరూ కలిసే దుఃఖించారు. 2025 మేలో జ్ఞాన్ పోస్ట్ అని కొత్తది పెట్టారు. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కేజీలకి 100, పన్నులు అదనం. అంటే బరువు పెరిగేకొద్దీ కేజీ చవక. ఈ రహస్యం తెలిసిన రోజు నుంచి మా చుట్టాల్లో ఎవరికీ తెలుగు పుస్తకం విడిగా కొనుక్కునే స్వేచ్ఛ పోయింది. బొబ్బిలి నుంచి టెక్కలి దాకా అందరి ఆర్డర్లూ ఆయన దగ్గరే చేరాలి, మొత్తం ఐదు కేజీలైతేనే విజయవాడకి డబ్బు వెళ్తుంది. నేను అడిగిన కథల పుస్తకం ఒకటి, మొత్తం తూకం నాలుగు కేజీల ఆరొందల దగ్గర ఆగిపోయిందని నెలల తరబడి కూర్చుండిపోయింది. "ఇంకో నాలుగొందల గ్రాములు ఎవరైనా అడిగితే అయిపోతాది, ఉండు" అనేవాడు. చివరికి మా ఇంటావిడ విసిగిపోయి వంటల పుస్తకం ఒకటి చెప్పింది. అది ఐదొందల గ్రాములు తేలింది. మళ్లీ చర్చలు.

శ్రీకాకుళం వచ్చినప్పుడు ఆయన్ని కథానిలయానికి తీసుకెళ్లాను. 1997 ఫిబ్రవరి 22న కాళీపట్నం రామారావు మాస్టారు ప్రారంభించిన తెలుగు కథల ఇల్లు. మావయ్య బీరువాల మధ్య నడుస్తూ పాత పత్రికల కట్టలు చూస్తూ, అలవాటు కొద్దీ, ఇదంతా ఇప్పుడు కొనాలంటే ఎంతవుద్దని నన్నడిగాడు. నోటుబుక్కు తీశాడు కూడా. ఆరు గళ్లలో ఒక్కదాంట్లోనూ రాయడానికి అంకె లేదు. కారా మాస్టారు ఊరూరా ఉత్తరాలు రాసి, అడిగి తెచ్చి, ఇవ్వనివాటికి నకళ్లు తీయించి పోగేసిన సరుకది. మావయ్యకి చిరాకొచ్చింది. రేటు లేని వస్తువు ఆయనకి గిట్టదు. ఇంటికెళ్లాక మాత్రం అటక మీదున్న వారపత్రికల మూటలు దింపించాడు. పాతికేళ్లుగా అత్త పాతపేపర్లవాడికి వేసేద్దామంటున్న మూటలు. మంచివి ఏరి కథానిలయానికి ఇద్దామన్నాడు. ఇచ్చేముందు పాతపేపర్లవాడిని గేటు దగ్గర ఆపి కేజీ ఎంతని అడిగాడట. "దానం ఇస్తే ఎంత ఇచ్చామో తెలవాలి కదా."

ఇదంతా చదివి ఈయన పుస్తకాలు కొనడమే గానీ చదవడనుకుంటారేమో. అక్కడే మేమంతా ఓడిపోతాం. ప్రతి అక్షరం చదువుతాడు. కొన్న ధరని పేజీలతో భాగించి పేజీకి ఎంత పడిందో మొదటి కాగితం మీద పెన్సిలుతో రాస్తాడు. సగంలో వదిలేస్తే మిగిలిన సగం డబ్బు నీళ్లపాలు. అందుకని ముందుమాట, కృతజ్ఞతలు, సూచిక, చివర్న తప్పొప్పుల పట్టిక, ఏదీ వదలడు. వెనకాల ఖాళీగా వదిలిన కాగితాలు చూసి బాధపడతాడు. వాటికీ డబ్బిచ్చాడు కదా. నేను పూర్తి ధరకి కొని యాభయ్యో పేజీ దగ్గర వదిలేసిన పుస్తకాలు మా ఇంట్లో ఒక అర నిండా ఉన్నాయి. ఆయన ఇంట్లో అలాంటిది ఒక్కటీ లేదు, కోళ్ల పెంపకంతో సహా. ఆయన్ని గుంటూరు కోళ్లకీ అమెరికా కోళ్లకీ తేడా అడక్కండి, సాయంత్రమైపోతుంది.

ఒకే ఒక్కసారి ఆయన నష్టానికి కొన్నాడు. 1907లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ రాసిన విశాఖపట్నం జిల్లా గెజిటీరు, పాత ప్రతి. విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం అన్నీ అప్పట్లో ఆ జిల్లావే. మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయంలో అచ్చైన ఆ పుస్తకం ఎప్పుడు సముద్రం దాటిందో గానీ, ఇంగ్లండులో పాతపుస్తకాల కొట్టువాడి దగ్గర తేలింది. మావయ్య లండను గడిలో దాని ధర ఏళ్ల తరబడి రాస్తూ, కొట్టేస్తూ, రాస్తూ వచ్చాడు. పౌనులు, పోస్టు, సుంకం అన్నీ కలిపి వచ్చిన మొత్తం అత్తకి చెప్పలేదు. నాకూ చెప్పలేదు, పెన్సిలు అంకె కూడా రాయలేదు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా ఉంది కదా మావయ్యా, ఫోన్లో చూసుకోవచ్చు కదా అన్నాను. "తెల్సు, చదివీసినాను" అన్నాడు. మరెందుకు కొన్నావంటే, పుస్తకం నా చేతిలోంచి లాక్కుని, నీకేటి తెల్సు నోర్ముయ్యమన్నాడు. లెక్కల మాస్టారు లెక్క చెప్పకుండా తప్పించుకున్నది అదొక్కసారే.

ఇప్పుడు కొడుకు అమ్మానాన్నలకి అమెరికా టిక్కెట్లు తీశాడు. మావయ్య అప్పుడే కొత్త పేజీ గీశాడు. వచ్చేటప్పుడు మనిషికి రెండు పెట్టెలు, ఇద్దరికీ నాలుగు, 92 కేజీలు. టిక్కెట్టు ఖర్చు కొడుకు ఖాతా కాబట్టి పుస్తకాల మీద పడదు. అత్త రెండు పెట్టెలు తనవని ముందే చెప్పేసింది, మనవరాలి పాత బట్టలూ బొమ్మలూ తెచ్చి చుట్టాల పిల్లలకి పంచాలిట. మావయ్యకి 46 కేజీలే మిగిలాయి. నిన్న రాత్రి పదింటికి ఫోను చేశాడు.

"ఒరే, నీ పాస్‌పోర్టు ఉందా?"

"ఉంది మావయ్యా, ఎందుకు?"

"వీసాకి పెట్టీ బేగి. నువ్వూ వస్తే ఇంకో 46 కేజీలు."